కంచెతీగ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: ‘పెరటి కంచెకు శ్రమలేని తీగ, త్వరగా అల్లుకొనును, ఏడాదంతా పూయును.’

అవతారిక: పెరటి కంచె మీదికి తక్కువ పోషణతో పెరిగే తీగను ఎంచుకోవడం ఈ సూత్రానికి విషయం. దేవనహళ్లి దాటి చిక్కబళ్లాపురం వైపు వచ్చేకొద్దీ లేఔట్ల ప్రచారపత్రాల్లో, నర్సరీ చీటీల్లో ఇదే మాట భాషలు మార్చుకుంటూ దర్శనమిస్తుంది. సూత్రకర్త ఎవరో తెలియదు కనుక దీన్ని అపౌరుషేయం అనుకోవచ్చు. కమీషన్ మాత్రం పౌరుషేయమే.

ప్రతిపదార్థం: పెరటి = పెరటి యొక్క; కంచెకు = కంచెకు; తీగ = తీగ. ఇవి సులభాలు. ‘శ్రమలేని’ అన్నది కఠినపదం. కఠినపదాన్ని దాటేసి ముందుకు పోవడం వ్యాఖ్యాతలకు పూర్వాచారం కనుక అది తరువాత.

‘అల్లుకొనును’: తన పని తాను చేసుకోవడాన్ని ‘కొను’ చెబుతుంది. ఇది అన్ని తీగలకూ చెల్లదు. డార్విన్ 1865లో ఎక్కే మొక్కల మీద రాసిన దీర్ఘవ్యాసంలో వాటిని పట్టుకునే తీరునుబట్టి విడదీశాడు: కాడే చుట్టుకునేవి, నులితీగలు చాచేవి, కొక్కేలతో ఆనుకునేవి, వేళ్లతో అంటుకునేవి. సంకుపూల తీగ, తిప్పతీగ చుట్టుకునే జాతి. దొండకు, నల్లేరుకు నులితీగలుంటాయి. రాతికూసాలు పాతి కమ్మీ లాగిన కంచెలో ఇవి కూసాన్ని వదిలి కమ్మీనే వెతుక్కుంటాయి. కాగితపూలకు ఉన్నదల్లా ముల్లు. ఎవరో ఒకరు కొమ్మను వంచి, తాడుతో కట్టి, చెయ్యి గీరుకుంటేనే అది కంచె మీద నిలుస్తుంది. అక్కడ ‘అల్లుకొనును’ అసాధువు, ‘అల్లబడును’ అని దిద్దుకోవాలి. అల్లేవారి పేరు మూలంలో లేదు.

పేరు లేకపోవడం ఈ మొక్కకు కొత్త కాదు. కాగితపూల మొక్కను 1767లో బ్రెజిల్ తీరంలో సేకరించినవాడు వృక్షశాస్త్రవేత్త కొమ్మెర్సొన్. అతని వెంట మగవేషంలో ఓడెక్కి, పెట్టెలు మోసి, కొండలెక్కిన సహాయకురాలు జాన్ బారె. మొక్కకు దక్కిన పేరు మాత్రం ఓడల నాయకుడు బూగెన్‌విల్‌ది.

విశేషం: తీగల పోషణకు ప్రమాణగ్రంథం కాళిదాసు అభిజ్ఞాన శాకుంతలం. కొలచల మల్లినాథసూరి వ్యాఖ్యలు రాసింది ఆ కవి కావ్యాలకు. ఈ నాటకానికి పేరుపడ్డ వ్యాఖ్య రాఘవభట్టుది. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మల్లినాథుడు పెట్టుకున్న నియమం ప్రస్తుత టీకకు వర్తించదు. ప్రథమాంకంలో ముగ్గురు ఆడపిల్లలు కుండలెత్తుకుని మొక్కలకు నీళ్లు పోస్తుంటారు. మామిడిని తానే వరించి అల్లుకున్న నవమల్లికకు శకుంతల వనజ్యోత్స్న అని పేరు పెట్టింది. ఆ తీగకు పోసిన నీటి తాకిడికి తుమ్మెద లేచింది. తుమ్మెద శకుంతల మీదికి వచ్చింది. దాన్ని తోలే నెపంతో చెట్టుచాటు రాజు బయటపడ్డాడు. నీళ్లు పోయకపోతే తుమ్మెద లేదు, తుమ్మెద లేకపోతే దుష్యంతుడు లేడు, ఆ పైన భరతుడూ లేడు. కణ్వుడు శ్రమలేని తీగ నాటించి ఉంటే చంద్రవంశం అక్కడితో సరి.

ఇంకొకటి. శకుంతల వెళ్లబోతే ప్రియంవద ఆపుతుంది: రెండు చెట్ల తడి బాకీ ఉంది, తీర్చి కదలమంటుంది. ఆ బాకీ తాను తీరుస్తానని రాజు ఇవ్వబోయింది తన పేరున్న ఉంగరాన్ని. తరువాతి కథను మలుపు తిప్పే ఆ ఉంగరం రంగం మీదికి మొదట వచ్చింది నీళ్లు పోసిన కూలి కింద. రెండు మొక్కల తడికి రాజముద్రిక! ఈనాటి విల్లాలో ఇరవై మొక్కల తడి ఇంటిపనికి వచ్చే ఆమె జీతంలోనే కలిసిపోతుంది. పాత్రలు తోమి, ఇల్లు తుడిచి, పోతూ పోతూ పైపు పట్టుకోవడాన్ని పని కింద ఎవరూ లెక్కవేయరు.

‘శ్రమలేని’: ఇక దాటేయడానికి వీల్లేదు. ఈ చిక్కబళ్లాపురం జిల్లాలో తీగ అంటే ద్రాక్ష. బెంగళూరు బ్లూ గానీ, అనాబ్-ఎ-షాహి నుంచి వచ్చిన దిల్‌ఖుష్ గానీ పండించే రైతుకు తీగ అంటే చప్పరం ఖర్చు, కత్తిరింపులు, మందు పిచికారీ, వడగళ్ల భయం. ఆయన ముందు ఈ పదం పలకడం అనౌచిత్యం. శ్రమ ఎక్కడికీ పోదు. వాక్యంలోంచి దాన్ని పడేవారు పోతారు, అంతే.

‘ఏడాదంతా పూయును’: ఏడాదంతా తాగితేనే. కాగితపూలు దీనికి అపవాదం. నీరు తగ్గిస్తేనే అవి బాగా పూస్తాయి. నందికొండల సీమలో ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపాఘ్ని పుడతాయి. ఒక్కటీ ఏడాదంతా పారదు. చింతామణి పల్లెల్లో బోరు వెయ్యి అడుగులు దాటుతుంది. బాగేపల్లి తాలూకాలో అంత లోతునుంచి వచ్చిన నీళ్లలోనూ ఫ్లోరైడు. బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి హెబ్బాళ-నాగవార పథకం కింద ఇక్కడి చెరువులకు ఎత్తిపోస్తున్నారు. ఈ సీమలో నిత్యపుష్పం కోసం ట్యాంకరు పిలిపించడం రసాభాస.

తాత్పర్యం: బాగేపల్లి ఎండకు దొండ, నల్లేరు తగినవి. దొండను కాచే ఆడతీగ కొమ్మ తెచ్చి నాటాలి. వేసవిలో పైన ఎండినా గడ్డవేరు బతికి వానకు చిగురిస్తుంది. నల్లేరు కాడలోనే నీరు దాచుకుంటుంది, పచ్చడికీ పనికొస్తుంది. తిప్పతీగ మొదలు తెగినా పైనుంచి ఊడ దింపుకుంటుంది. పూలు కావాలంటే సంకుపూలు మేలు: కంచెకు బరువుండదు, రాలిన గింజే మళ్లీ మొలుస్తుంది. రాధామనోహరం ఏటా గట్టిగా నరికించే ఓపిక, రాతికూసాల కంచె రెండూ ఉన్నవారికే. వీటిలో ఏది నాటినా మొదటి ఏడాది తడి, తరువాత కత్తెర తప్పవు. ప్రచారపత్రాలు వేసేవారు తీగ పేరు పక్కనే ఆ పనికిచ్చే కూలి ఎంతో కూడా అచ్చువేయాలి.