ఉదయగిరి నీళ్లసీసా వాక్యం: టీకా తాత్పర్యం

మూలం: “నీళ్లు తీసకపోండి సామీ, పైన ఏం దొరకదు.”

అవతారిక: సోమశిల ఆనకట్ట చూసుకొని, ఆత్మకూరు మీదుగా ఉదయగిరి చేరి, అదే ఊపులో దుర్గం ఎక్కేస్తామనే పట్నవాసులతో కొండకింది అంగడివాళ్లు పలికే వాక్యమిది. కొండ ఎత్తు 3,079 అడుగులు.

టీక: సామీ = ఓ యాత్రికుడా. గూఢార్థం, జారే చెప్పులు వేసుకొచ్చినవాడా. నీళ్లు = జలము. సోమశిల జలాశయంలో 78 టీఎంసీలు పట్టవచ్చు, అందులో ఒక్క గుక్కయినా ఈ కొండెక్కదు. ‘నీళ్లు’ అన్నచోట ‘సోడా’ అనే పాఠాంతరం బస్టాండు ప్రతుల్లో కనిపిస్తోంది. అది ప్రక్షిప్తం.

పోండి = నడవండి, అదీ ఒకరి వెనక ఒకరు. ఒక్కొక్కడే నడవగలిగినంత ఇరుకు దారి తప్ప ఈ కోటకు మరో తోవ లేదని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. బురుజుల దాకా దారి చేసుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలు బండలు పగలగొట్టించాడట. ఆయన వెంట 34,000 కాల్బలం, 800 ఏనుగులు. లోపల ఒడిశా రాజు గజపతి పక్షాన 10,000 మంది, 400 గుర్రాలు. లెక్కలు నూనిజ్‌వే, కాస్త ఉదారంగానే ఉన్నాయి.

పైన ఏం దొరకదు: ఇక్కడ పూర్వపక్షం. ఏమీ దొరకని చోటికి రాయలు 1513లో అంత సేన వేసుకొని ఎందుకొచ్చినట్టు? సమాధానం: అప్పుడు పైన అన్నీ దొరికేవి. అందుకే ముట్టడి సుమారు ఏడాదిన్నర సాగింది. ఆకలికి మాడ్చి తప్ప ఈ కోటను పట్టలేరని నూనిజే చెప్పాడు గనుక, అంగడివాడి వాక్యాన్ని నిజం చేయడమే రాయల యుద్ధతంత్రం. 1514లో కోట చిక్కింది. ప్రతాపరుద్ర గజపతి పినతండ్రి తిరుమల రాహుత్తరాయలు బందీ అయ్యాడు. కాబట్టి ఇందులో అతిశయోక్తి లేదు, స్వభావోక్తి.

తాత్పర్యం: పొద్దున్నే బయల్దేరి, సీసాలు నింపుకొని ఎక్కితే బురుజులు, పాడుబడ్డ గుళ్లు, గోల్కొండ కాలపు మసీదు కనిపిస్తాయి. ఇక్కడి బాలకృష్ణుడు మాత్రం కనిపించడు. ఆయన్ను రాయలు హంపీకి తీసుకెళ్లి గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. అక్కడికైతే నీళ్లు మోసుకుపోనక్కర్లేదు.