పక్కకు తప్పుకునే సర్కారు

మా రోజుల్లో సర్కారు కళలకు డబ్బిచ్చి పక్కకు తప్పుకునేది. ఇప్పుడు ఇచ్చే నాలుగు రూపాయలకూ తానే వేదికెక్కి కూర్చుంటోంది.

1957లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పెట్టారు. సొమ్ము ప్రభుత్వానిదే, పని మాత్రం పండితులది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో మాండలిక వృత్తి పదకోశం మొదలైంది. ఊరూరా తిరిగి రైతుల్ని అడిగారు. మేడి, నొగ, కర్రు, కాడి... ఏ జిల్లాలో దేన్ని ఏమంటారో రాసుకున్నారు. వ్యవసాయ పదాల సంపుటం 1962లో వస్తే, చేనేత పదాలది 1971కి గాని రాలేదు. అలాంటి పనికి ఓపిక కావాలి. ఆ ఓపిక అప్పుడుండేది.

1983లో ఇలాంటి కళల అకాడమీలన్నీ రద్దు చేశారు. వాటిలో తగాదాలు లేవని నేననను. కప్పు కురుస్తోందని ఇల్లే పడగొట్టుకుంటామా? 1985లో తెలుగు విశ్వవిద్యాలయం వచ్చింది, సంతోషమే. కానీ పాఠం చెప్పే చోటు వేరు, నాటకం ఆడించే చోటు వేరు. ఈమధ్య అకాడమీల్ని మళ్లీ తెచ్చారు. ప్రభుత్వం మారితే అధ్యక్షులూ మారిపోతారు.

ఆమధ్య ఓ సర్కారీ ఉత్సవంలో మా నాటక బృందానికి పావుగంట ఇచ్చారు. రాయబారంలో పడకసీను పావుగంటలో అయ్యేదేనా? కృష్ణుడు రాగం ఎత్తుకున్నాడో లేదో, ముఖ్య అతిథి వచ్చారని మైకు ఆపేశారు. హార్మోనియం మెట్ల మీద వేళ్లు అలాగే ఉండిపోయాయి. చివర్లో శాలువాలు కప్పారు. బిల్లు కోసం నెలల తరబడి తిప్పారు. మా రోజుల్లో పద్యం నచ్చితే జనం వన్స్‌మోర్ అనేవాళ్లు, నచ్చకపోతే లేచిపోయేవాళ్లు. ఎక్కడ ఆపాలో వాళ్లే చెప్పేవాళ్లు.

ఇప్పుడు అదీ సర్కారే చెబుతోంది. 2022 జనవరిలో కాళ్లకూరి నారాయణరావుగారి ‘చింతామణి’ నాటకాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. అందులోని సుబ్బిశెట్టి పాత్రతో తమను కించపరుస్తున్నారని ఆర్యవైశ్యులు పడ్డ బాధ నిజం. కొన్ని బృందాలు మూలంలో లేని బూతులు చేర్చిన మాటా నిజమే. ఆ బూతులు తీయించాలి. వేశ్యావ్యామోహం కొంపలెలా కూలుస్తుందో చెప్పడానికి రాసిన నాటకాన్ని మొత్తంగా ఆపేస్తే, ఆ పద్యాల మీద బతికే నటులు, హార్మోనిస్టులు ఏమైపోవాలి? నాటకం తెలిసినవాళ్లను నలుగురిని పిలిచి, నొచ్చుకున్నవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి, ఏ మాట ఉండాలో ఏది పోవాలో తేల్చమని ఉంటే ఒక్క పూట పని.