షోకు చక్రాలు

16 ఇంచీల చక్రాలు చాలన్నవాణ్ని చిన్నబుచ్చి మరీ షోరూంలో 18 ఇంచీల అల్లాయ్ అంటగడతారు. ఆర్నెల్లకు నాంపల్లి గుంతలో టైరు పక్క చిట్లుతుంది. అప్పుడు మొదలవుతుంది అసలు నుమాయిష్! వెడల్పు 215 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 18 ఇంచీలు... సైజు వినగానే కొట్టాయన, "ఆర్డర్ పెట్టాలె సార్, నాలుగూ తీస్కుంటరా?" అంటాడు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పూట అచ్చులో లేని పుస్తకమైనా దొరుకుతుంది గానీ, మొన్న కొన్న బండికి టైరు దొరకదు.

స్టెప్నీ ఉందిగా అంటారా? ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి సెన్సరు, పంక్చర్ కిట్టు ఉంటే అదక్కర్లేదని కేంద్రం 2020లోనే సెలవిచ్చింది. కిట్టు మేకు కంతను పూడుస్తుంది, చిట్లిన పక్క దాని వల్ల కాదు. సెన్సరు మాత్రం మహా నిజాయితీపరురాలు: గాలి పోయిందని చెబుతూనే ఉంటుంది.