ఎడమకి లాగే బండి

గుణదల మేరీమాత ఉత్సవాలు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో. ఆ మూడు రోజులూ షామియానాలు, కుర్చీలు మోసే బండికి తీరిక ఉండదు. అందుకే జనవరి చివర్లో టెంటుహౌస్ ఓనరు తన పాత పికప్‌ని ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి తీసుకొచ్చాడు. తోలింది డ్రైవరు. ఓనరు పక్కన కూర్చున్నాడు. మీటరు 3,80,000 దగ్గర ఆగిపోయి ఏడాదైంది.

"బండికేం లేదు మేస్త్రీ, వీడి చెయ్యే బాగోలేదు," అన్నాడు ఓనరు దిగుతూనే. "ఏలూరు కాలవ పక్కన పాము పాకినట్టు పోనిస్తాడు. ఎప్పుడు చూడు ఎడమకే. ముందు టైర్లు ఒక జత పోయింది, కొత్త జతా పోతోంది. ఆ డబ్బు నెలకి 500 వీడి జీతంలో పట్టుకుంటున్నా."

చొక్కా జేబులోంచి ఎర్ర అట్ట నోటుబుక్కు తీశాడు. రబ్బరు బ్యాండు తప్పించి డ్రైవరు పేజీ చూపించాడు. ఎనిమిది పద్దులు. ఎనిమిదీ 500లే. అన్నిటి పక్కనా ఒకటే మాట: టైరు.

డ్రైవరుకి యాభై దాటి ఉంటాయి. "స్టీరింగులో ప్లే ఎక్కువుందని మొదటి నెల్లోనే చెప్పానండి," అన్నాడు. మళ్ళీ నోరెత్తలేదు.

మేస్త్రి ముందు గాలి చూశాడు. రెండు చక్రాల్లోనూ సమానంగానే ఉంది. టైరు మీద అరచేయి పెట్టి అడ్డంగా నిమిరాడు. ఓనరు చెయ్యి కూడా పట్టుకుని అక్కడ పెట్టాడు. ఒక వైపు నిమిరితే నున్నగా ఉంది. ఎదురు నిమిరితే రంపంలా గీరుకుంది.

"బ్రేకు మొరటుగా తొక్కితే టైరు ఒకచోట అరుగుతుంది ఓనరు గారూ. ఇది చుట్టూతా ఒకేలా, లోపలి అంచున అరిగింది. చక్రం సాఫీగా దొర్లట్లేదు. రోడ్డు మీద అడ్డంగా రుద్దుకుంటోంది."

హెల్పరు కుర్రాణ్ణి సీట్లో కూర్చోబెట్టి, స్టీరింగు కొంచెం అటు, కొంచెం ఇటు ఆడించమన్నాడు. జాకీ పెట్టలేదు. బండి బరువు చక్రాల మీద ఉంటేనే ఇలాంటి అరుగుదల దొరుకుతుంది. తను కిందికి దూరి, స్టీరింగు బాక్సు దగ్గర మొదలుపెట్టి ఒక్కో జాయింటునీ గుప్పిట్లో పట్టుకుంటూ వచ్చాడు. కదలిక ఎక్కడిదాకా వచ్చి ఆగిపోతుందో, జబ్బు అక్కడే. ఎడమ చక్రం దగ్గర టైరాడ్ ఎండ్ మీద చెయ్యి నిలిచింది. రాడ్డు కదులుతోంది, చక్రం కదలట్లేదు. రబ్బరు టోపీ చిరిగి, గ్రీజు ఎండిపోయి, లోపలి గుండు కటకటలాడుతోంది.

బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. "బాక్సు మీద స్క్రూ ఎవరో ఆఖరు దాకా బిగించారు."

"నేనే బిగించానయ్యా, రోడ్డు పక్క మెకానిక్కుతో. వీడు ప్లే, ప్లే అని గోల చేస్తుంటే."

"దాంతో ప్లే పోలేదండీ, దాక్కుంది. పైగా మలుపు తిరిగాక స్టీరింగు దానంతటది వెనక్కి రాదు. ప్రతిసారీ లాక్కోవాల్సిందే."

మేస్త్రి డ్రైవరు చేతులు రెండూ తిప్పి చూశాడు. బొటనవేళ్ల మొదట్లో కాయలు కాచి ఉన్నాయి.

"ఎనిమిది నెలలుగా ఈ బండి కాలవలో పడలేదంటే ఈ చేతుల చలవే."

ఓనరు ఆ కాయల వంక చూస్తూ ఉండిపోయాడు.

సాయంత్రానికి పని అయింది. రెండు వైపులా టైరాడ్ ఎండ్లు మార్చారు, స్క్రూ వదులు చేసి సరిగ్గా పెట్టారు, అలైన్‌మెంటు చేయించారు. ఓనరు తనే స్టీరింగు పట్టుకుని రామవరప్పాడు రింగు దాకా వెళ్ళొచ్చాడు. గుప్పిట వదులు చేసినా బండి గీత గీసినట్టు తిన్నగా పోయింది.

రాగానే టీ తెప్పించాడు. మొదటి గ్లాసు డ్రైవరుకే అందించాడు.

"నిన్ను ఊరికే అనుమానించాను. మనసులో పెట్టుకోకు," అని భుజం తట్టాడు. డ్రైవరు గ్లాసు రెండు చేతులా పట్టుకుని తల ఊపాడు.

బిల్లు 2,600. ఓనరు బేరమాడకుండా లెక్కపెట్టి ఇచ్చాడు. తర్వాత జేబులోంచి ఎర్ర అట్ట నోటుబుక్కు తీశాడు. రబ్బరు బ్యాండు తప్పించి డ్రైవరు పేజీ తెరిచాడు. పెన్ను మూత నోటితో పీకాడు. డ్రైవరు టీ తాగడం ఆపి చూస్తున్నాడు.

ఎనిమిదో 500 కింద ఓనరు తొమ్మిదో పద్దు రాసుకున్నాడు: స్టీరింగు రిపేరు, 2,600.