గాలి వచ్చు, ఇసుక రాదు: సటీకా తాత్పర్యం

అవతారిక

సూర్యాపేట జిల్లా మేళ్లచెరువు సున్నపురాయి నేల, సిమెంటు ఫ్యాక్టరీల ఊరు. అక్కడ ఒకానొక గృహస్థు, ఇంటి గేటుకూ ట్రాక్టరు ట్రాలీకీ పట్టిన తుప్పు వదిలిద్దామని కంప్రెసరుతో సహా ప్రెషర్ డబ్బా సాండ్ బ్లాస్టరును పెరట్లోకి దించాడు. గేటు సగం తెల్లబడేసరికి యంత్రం మొండికేసింది. ఆ ఘట్టంలో పుట్టినదీ ఆటవెలది. కర్త ఎవరో తెలియదు. కనుబొమల మీద దుమ్మును బట్టి గృహస్థే కర్త అని పెద్దల నిర్ణయం.

మూలం

గాలి వచ్చు నిసుక కానరాకున్నచో
నీరు చేరె ననుచు నెఱుగవలయు
మూత విప్పరాదు ముల్లు సున్నను జేరు
వరకు, గొట్టమందు వలదు కన్ను.

పాఠాంతరాలు

మిర్యాలగూడ ప్రతిలో "ఇసుక"కు బదులు "ఊక" ఉంది. సంధి కలిస్తే "వచ్చు నూక" అవుతుంది. ఊకైనా నూకైనా రైస్ మిల్లుల ఊరి లేఖకుడికి ఒకటే. గణం చెడలేదు గాని, తుప్పు వదలదు. కోదాడ ప్రతిలో "గొట్టమందు" పోయి "సైలెన్సరందు" వచ్చింది. ఇది హైవే పక్క మెకానిక్ చేతివాటం. గణభంగం కనుక అగ్రాహ్యం.

ప్రతిపదార్థం

గాలి = కంప్రెసరు పంపే ఒత్తిడి గాలి; వచ్చున్ = నాజిల్ లోంచి బుస్సుమని వస్తూ ఉండగా; ఇసుక = తుప్పును గీకే గరుకు రేణువు (ఏటి ఇసుక కాదు, విశేషాంశాలు చూడుడు); కానరాకున్నచో = జాడ లేకపోతే; నీరు = తేమ; చేరెన్ అనుచున్ = డబ్బాలోకి చొరబడిందని; ఎఱుగవలయున్ = తెలుసుకోవాలి; ముల్లు = గేజిలోని ముల్లు; సున్నను చేరు వరకు = సున్నాకు వాలేదాకా; మూత = డబ్బా మూతను; విప్పరాదు = ముట్టనే కూడదు; గొట్టమందు = నాజిల్ రంధ్రంలో; కన్ను = చూపు; వలదు = పెట్టకూడదు.

టీక

మొదటి పాదం రోగ నిదానం. గాలి వచ్చి ఇసుక రాకపోతే దోషం డబ్బా అడుగున ఇసుక వాల్వు దగ్గర. గాలీ ఇసుకా రెండూ రాకపోతే నాజిల్లో రాయి ఇరుక్కుంది. ఇసుక ఆగి ఆగి, గుటకలు వేస్తూ వస్తే వాల్వు అతిగా తెరిచారు, లేదా తేమ అప్పుడే మొదలైంది. కవి మొదటిదాన్నే చెప్పి తక్కిన రెండూ వదిలేశాడేమంటే, ఆటవెలదికి నాలుగే పాదాలు.

శంక: డబ్బాలో ఎవరూ నీళ్లు పోయలేదే, ఎక్కడివి?

సమాధానం: గాలిలోవే. కంప్రెసరు గాలిని కుదించినప్పుడు అది వేడెక్కుతుంది. ట్యాంకులోనూ పైపులోనూ చల్లారేసరికి అందులోని ఆవిరి నీటి బొట్లవుతుంది. వానాకాలంలో మరీను. ఆ తేమ తగిలిన ఇసుక శ్రావణమాసపు ఉప్పు డబ్బాలా గడ్డకట్టి కిందికి దిగనంటుంది. ఊళ్లో స్వయంభూ శంభులింగేశ్వరుని శిరస్సున నీరు ఊరడం మహిమ అని భక్తులు దణ్ణం పెడతారు. కంప్రెసరు ట్యాంకులో నీరు ఊరడం మాత్రం దోషం. దానికి దణ్ణం కాదు, అడుగున ఉన్న డ్రెయిన్ కాక్ తిప్పడమే విధి.

శంక: ఎండు ఇసుక కూడా ఆగుతుంది కదా?

సమాధానం: ఆగుతుంది. పెద్ద పలుకులు రంధ్రం మీద ఒకదానికొకటి ఆనుకుని కమాను కడతాయి. పోసేముందు జల్లెడ పట్టనివారికి ఇది ప్రాప్తం.

చికిత్సలో మొదటి మెట్టుకు మూత విప్పనక్కర లేదు. డబ్బాకు వచ్చే గాలి రెండు పాయలవుతుంది. ఒకటి ఇసుకను పైనుంచి నొక్కుతుంది. రెండోది చోక్ వాల్వు గుండా నేరుగా కింది పైపులోకి వెళ్లి, దిగిన ఇసుకను మోసుకుపోతుంది. నాజిల్ నడుస్తుండగా చోక్ వాల్వును క్షణంపాటు మూసి తెరిస్తే, కింద ఒత్తిడి తగ్గి, పై గాలి బలమంతా గడ్డ మీద పడుతుంది. చాలాసార్లు అక్కడితో ఇసుక దిగుతుంది. దిగకపోతే మూడో పాదానికి రావాలి.

మూడో పాదమే ఈ పద్యానికి ప్రాణం. డబ్బాలో 100 పీఎస్ఐ ఒత్తిడి ఉంటే, మూడంగుళాల అడ్డుకొలత ఉన్న మూతను లోపలినుంచి తోసే బలం సుమారు 320 కిలోలు. అంటే మూడు క్వింటాళ్ల పైమాట. మర సగం విప్పగానే ఆ మూత ఎవరి ముఖం వైపు లేస్తుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. కనుక కంప్రెసరు ఆపి, గాలి వదిలే వాల్వు తెరిచి ఆగాలి.

ఇక్కడ నైయాయికుల ఆక్షేపణ ఒకటుంది: గేజి ముల్లు ప్రమాణమేనా? దుమ్ము పట్టిన గేజి ఒత్తిడి ఉండగానే సున్నా చూపవచ్చు. నిజమే. కాబట్టి ప్రత్యక్షానికి శబ్దప్రమాణం తోడు కావాలి. వాల్వు దగ్గర బుస్సు పూర్తిగా ఆగాలి, వాల్వు తెరిచే ఉంచాలి. ఆ తర్వాతే నాజిల్ ఊడదీసి తీగతో పొడవడం, మూత విప్పి ఇసుక గుమ్మరించి ఎండబోయడం, జల్లెడ పట్టడం, పైపులో తేమ పట్టే ఫిల్టరు ఖాళీ చేయడం.

"వలదు కన్ను" అన్నది ఉపలక్షణం. నాజిల్‌కు బొటనవేలు అడ్డంపెట్టి ఎదురు గాలి కొట్టించే వీరులున్నారు. కన్ను అంటే వేలు కూడా అని గ్రహించాలి.

విశేషాంశాలు

సాండ్ బ్లాస్టింగుకు 1870లో అమెరికాలో పేటెంటు పొందినవాడు బెంజమిన్ చ్యూ టిల్గ్‌మన్. ఆనాడు ఇసుకే వాడారు. తర్వాత తెలిసింది: ఏటి ఇసుకలో సిలికా ఉంటుంది, పగిలినప్పుడు కంటికి ఆనని దుమ్మవుతుంది, ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. దానికి మందు లేదు. బ్రిటన్ 1949 నిబంధనలతో ఈ పనికి ఇసుకను నిషేధించింది. మన ఫ్యాక్టరీల చట్టం, 1948 మూడో షెడ్యూలులోని వ్యాధుల జాబితాలో సిలికోసిస్ పేరు ఉండేది. జీన్ ప్యాంట్లను ఇలా పాతబరిచే పనిని టర్కీ 2009లో ఆపించింది. కనుక మూలంలోని "ఇసుక"కు గార్నెట్ అని అర్థం చెప్పుకోవాలి. భీమిలి, శ్రీకాకుళం తీరాల ఎర్రటి ఇసుకలో అది దొరుకుతుంది. ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే చాలదు. దుమ్మును ఆపే అసలు మాస్కు, కళ్లకూ ముఖానికీ అద్దం ఉండాల్సిందే.

అలంకారం స్వభావోక్తి. రసం యంత్రం దగ్గరున్నవాడికి భయానకం, గోడ మీదనుంచి చూసేవాడికి హాస్యం.

తాత్పర్యం

ఇసుక రాకపోతే ఇసుకను తిట్టకు, నీటిని అనుమానించు. గాలి పూర్తిగా పోనిదే మూత జోలికి వెళ్లకు. నాజిల్లోకి తొంగిచూడకు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని కంప్రెసరు మీద రాసిపెట్టుకుని, రోజూ ట్యాంకు నీళ్లు వదిలే గృహస్థుకు గేటు తెల్లబడుతుంది, కళ్లు రెండూ మిగులుతాయి. ఇసుక గడ్డకడితే పోయేది ఒక పూట పని, ఒత్తిడి మీద మూత విప్పితే పోయేది మనిషి. ఏటి ఇసుకను స్లాబుకే ఉంచండి, యంత్రంలో పోయకండి.