వంద రోజుల తుపాకీ, నలభై ఏళ్ళ ఫైలు

తిరువూరు మీదుగా పోయే రోడ్డుకి 30వ నంబరు జాతీయ రహదారి అని పేరు. మనకి మాత్రం మామిడి లారీల రోడ్డు. ఇబ్రహీంపట్నం దగ్గర ఎక్కితే మైలవరం, తిరువూరు, కొత్తగూడెం, భద్రాచలం దాటి కుంట, సుక్మా, జగదల్‌పూర్ మీదుగా రాయ్‌పూర్, జబల్‌పూర్, ప్రయాగ్‌రాజ్, రాయ్‌బరేలీ దాకా తీసుకుపోతుంది. ఈ ఒక్క రోడ్డు పట్టుకుంటే చాలు, మన దేశపు రైఫిల్ చరిత్ర మొత్తం అర్థమైపోతుంది. తుపాకీ పేలే బస్తర్ అడవి దీని మీదే ఉంది. తుపాకీ తయారయ్యే కోర్వా ఫ్యాక్టరీ రాయ్‌బరేలీ పక్క జిల్లా అమేథీలోనే ఉంది. ఈ దారిలో ఢిల్లీ తగలదు. అదొక్కటే ఈ రోడ్డు చేసుకున్న పుణ్యం.

2025 అక్టోబరు 17న జగదల్‌పూర్‌లో 210 మంది మావోయిస్టులు లొంగిపోయారు. ముందు నడిచింది మన తెలుగువాడే, ఆశన్న. కెమెరాలన్నీ మనుషుల్ని చూశాయి. మీరు తుపాకుల్ని చూడండి. మొత్తం 153 ఆయుధాలు అప్పగించారు. అందులో త్రీనాట్‌త్రీలు 36. ఎస్‌ఎల్‌ఆర్‌లు 17. ఇన్సాస్‌లు 23. ఏకే-47లు 19. ఇవన్నీ ఎక్కడివి? ఆకాశం నుంచి ఊడిపడ్డాయా? ఎక్కువ భాగం పోలీసుల దగ్గర లాక్కున్నవే. అంటే ప్రభుత్వం వారివే. రాజ్యాన్ని కూలదోస్తామన్నవాళ్ళు కూడా రాజ్యం సరఫరా చేసిన సరుకుతోనే నెట్టుకొచ్చారన్నమాట. పాపం, వాళ్ళకీ జామయ్యే ఉంటాయి.

ఆ కుప్పని అడుగు నుంచి చదువుకుంటూ రండి.

అడుగున త్రీనాట్‌త్రీ. తెల్లదొర వదిలి వెళ్ళిన తుపాకీ. ఒక్కో తూటాకీ ఒకసారి బోల్ట్ లాగి తొయ్యాలి. 1962లో చైనావాడు ఆటోమేటిక్ తుపాకులతో కొండలెక్కి వస్తుంటే మన జవాను చేతిలో ఉన్నది ఇదే. అప్పటికి ప్రపంచంలో ఏం జరిగిపోయిందో తెలుసా? రెండో ప్రపంచ యుద్ధంలోనే జర్మన్లు అసాల్ట్ రైఫిల్ కనిపెట్టేశారు. పొట్టి తూటా, ఒక్కొక్కటిగానూ వరసగానూ కాల్చే వీలు, ఒక మనిషి సులువుగా మోయగల బరువు. కొత్త తూటా వద్దని హిట్లర్ మొండికేస్తే, అక్కడి అధికారులు ‘ఇది రైఫిల్ కాదండీ, మెషిన్ పిస్టల్’ అని కాగితాల మీద పేరు మార్చి పని కానిచ్చారు. అక్కడ నియంత కళ్ళుగప్పి తుపాకీ తయారుచేశారు. మన దగ్గర ప్రజాస్వామ్యం కళ్ళెదుటే తయారుచేయకుండా కూర్చున్నారు. ఏది కష్టమో మీరే చెప్పండి.

ఇక ఏకే-47 తయారుచేసిన కలాష్నికోవ్ సంగతి. 1941లో బ్రయాన్స్క్ దగ్గర గాయపడిన ట్యాంకు సార్జెంటు. ఇంజనీరింగు డిగ్రీ లేదు. ఆస్పత్రి మంచం మీద ఆలోచన మొదలుపెట్టాడు. 1947కి నమూనా నిలిచింది, 1949కి సోవియట్ సైన్యం చేతికొచ్చింది. మధ్యలో ఒక ప్రపంచ యుద్ధం కూడా అయిపోయింది. ఎనిమిదేళ్ళు! మన దగ్గర ఎనిమిదేళ్ళంటే ఫైలు మీద ‘చర్చించగలరు’ అని రాసి పక్క గదికి పంపే కాలం.

అంత గొప్ప యంత్రమా అది? చూడబోతే చాలా మామూలు యంత్రం. తూటా పేలగానే గుండు ముందుకు పరిగెడుతుంది. వెనకే వేడి గ్యాస్ తరుముకొస్తుంది. బ్యారెల్ మీద చిన్న రంధ్రం. అందులోంచి కొంత గ్యాస్ పైకెక్కి పిస్టన్‌ని వెనక్కి తంతుంది. ఆ తాపుకి బోల్ట్ తిరిగి గడి తీస్తుంది, ఖాళీ తూటా గొట్టాన్ని బయటికి విసిరేస్తుంది. స్ప్రింగ్ మళ్ళీ ముందుకు తోస్తుంది, మ్యాగజైన్‌లోంచి కొత్త తూటా లోపలికి పోతుంది, గడి పడుతుంది. అంతే. ఇదంతా రెప్పపాటులో. కలాష్నికోవ్ తెలివి ఎక్కడుందంటే, కదిలే ముక్కల మధ్య కాస్త ఖాళీ వదిలాడు. ఇసుక పడినా బురద పడినా ఆగకుండా లాగేస్తుంది. సైనికుడు దేవుడు కాదని, వాడికి రోజూ తుడుచుకునే తీరిక ఉండదని ఆ సార్జెంటుకి తెలుసు. ఎందుకంటే వాడూ సైనికుడే. ఏసీ గదిలో కూర్చుని కొలతలు రాసినవాడు కాదు.

ఇక్కడో చిన్న మాట. మన సినిమా హీరోలకి ఈ యంత్రం సంగతి ఎవరైనా చెప్పండి బాబూ. ఏకే మ్యాగజైన్‌లో 30 తూటాలు. నిమిషానికి సుమారు 600 చొప్పున పోతాయి. ట్రిగ్గరు నొక్కి పట్టుకుంటే మూడు సెకన్లలో ఖాళీ. మన హీరో మాత్రం ఇంటర్వెల్ దగ్గర నొక్కితే శుభం కార్డు దాకా వదలడు. ఆ మ్యాగజైన్ ఏ ఫ్యాక్టరీదో కనుక్కుంటే దేశానికి టెండర్ల బాధే తప్పేది.

కుప్పలో తర్వాతిది ఎస్‌ఎల్‌ఆర్. బెల్జియంవాడి ఎఫ్‌ఎన్ ఫాల్ చూసి 1960లలో ఇషాపూర్ ఫ్యాక్టరీ దించింది. బరువు, పొడుగు, దెబ్బకి తిరుగులేదు. కానీ ఒక్కొక్కటిగానే కాలుస్తుంది. దాంతోనే ఒక తరం గడిపేశాం. గడిపింది ఎవరు? జవాను. ‘గడిపేశాం’ అని గొప్పగా చెప్పుకునేది ఎవరు? మనం.

అప్పుడొచ్చింది అచ్చమైన స్వదేశీ రైఫిల్, ఇన్సాస్. ఎంత స్వదేశీ అంటే, గ్యాస్ పిస్టనూ తిరిగే బోల్టూ ఏకే దగ్గర్నుంచి, గ్యాస్ రెగ్యులేటరు బెల్జియం వాడి నుంచి, ఎడమ పక్క లాగే పిడి జర్మనీవాడి జీ-3 నుంచి. తప్పు లేదు, అందరూ అందరి దగ్గరా నేర్చుకుంటారు. కానీ ఏకే నుంచి అన్నీ తీసుకుని, ఆగకుండా పనిచేసే గుణం ఒక్కటి ఎలా వదిలేశారయ్యా? 1980లలో పుణెలోని డీఆర్‌డీవో రక్షణ పరిశోధన సంస్థలో పని మొదలైంది. తెమలకపోతే 1990ల మొదట్లో విదేశాల నుంచి సుమారు లక్ష ఏకే తరహా తుపాకులు కొనుక్కొచ్చాం. 1998 రిపబ్లిక్ డే కవాతులో ఇన్సాస్ జనానికి కనిపించింది. కవాతులో బ్రహ్మాండంగా పనిచేసింది. కవాతులో కాల్చరు కదా.

మరుసటి ఏడాదే కార్గిల్. చలికి ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయి. తుపాకులు జామయ్యాయి. మూడు తూటాలకని పెడితే కొన్ని ఆగకుండా కాల్చేశాయి. కొన్ని పేలుతూ పేలుతూ జవాను కంట్లోకి నూనె చిమ్మాయి. ఆలోచించండి. పైన కొండ మీద శత్రువు. కింద నుంచి ఎక్కుతున్న కుర్రాడు. వాడి కళ్ళలో మన ఫ్యాక్టరీ నూనె. చెమట తుడుచుకోవాలా, నూనె తుడుచుకోవాలా, ప్రాణం కాపాడుకోవాలా?

2005 ఆగస్టులో నేపాల్‌లోని కాలికోట్‌లో మావోయిస్టులతో పోరులో 43 మంది సైనికులు చనిపోయారు. మీ ఇన్సాస్ మొరాయించిందని నేపాల్ సైన్యం అంది. మనవాళ్ళ జవాబు? వాడకంలోనే లోపముంది, కావాలంటే శిక్షణ ఇస్తామని. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మీ వరస అన్నమాట. సరే, వాళ్ళకి ఆడడం రాదనుకుందాం. 2014లో మన సీఆర్‌పీఎఫ్ వాళ్ళే ఇన్సాస్ మాకొద్దు మహాప్రభో అన్నారు కదా? ఏకేతో పోలిస్తే ఇదే ఎక్కువ జామవుతోందని సాక్షాత్తూ డైరెక్టర్ జనరలే చెప్పారు కదా? వాళ్ళకీ ఆడడం రాదా? మరి ఎవరికొచ్చు? టెండరు కమిటీకా?

అమెరికావాడేం తక్కువ తినలేదు. వియత్నాంకి ఎం-16 పంపుతూ అది పెద్దగా తుడవక్కర్లేని తుపాకీ అని ఊదరగొట్టారు. తుడుచుకునే కిట్లు సరిగా ఇవ్వలేదు. తూటాలో మందు రకం మార్చేశారు. ఛాంబరుకి క్రోమ్ పూత వేయలేదు. జామైన తుపాకీ పక్కన కుర్రాళ్ళు శవాలై దొరికారు. కానీ 1967లో వాళ్ళ కాంగ్రెస్ కమిటీ విచారించి, సైన్యం పెద్దల తీరు నేరపూరిత నిర్లక్ష్యం అంచుల దాకా పోయిందని రాసి పారేసింది. తర్వాత క్రోమ్ పూత వచ్చింది, కిట్లు వచ్చాయి. మన దగ్గర అంత మాట అన్న కమిటీ పేరు ఒక్కటి చెప్పండి చూద్దాం.

మన కమిటీలకి వేరే పనులున్నాయి. 2011లో ఒక ఆలోచన పుట్టింది. ఒకే రైఫిల్, రెండు బ్యారెళ్ళు. పొద్దున 5.56 మిల్లీమీటర్ల తూటా, సాయంత్రం 7.62. బ్యారెల్ మార్చుకుంటే సరి. ఏ సైన్యమూ అంత మోజు పడని ముచ్చట మనకే ఎందుకు పుట్టిందో! 66,000 రైఫిళ్ళకి టెండరు పిలిచారు. ఇటలీ, ఇజ్రాయెల్, అమెరికా, చెక్ కంపెనీలు వచ్చాయి. పరీక్షలు జరిగాయి. నాలుగేళ్ళు. 2015లో టెండరు రద్దు. పిలిచింది ఒక ప్రభుత్వం, రద్దు చేసింది ఇంకో ప్రభుత్వం. ఈ ఒక్క విషయంలో మాత్రం పార్టీల మధ్య ఎంత సఖ్యత!

తర్వాత తూటా సిద్ధాంతమే మారిపోయింది. ఇన్సాస్‌కి 5.56 ఎందుకు పెట్టారు? శత్రువు చావకుండా గాయపడితే వాణ్ణి మోయడానికి ఇంకో ఇద్దరు కావాలి, ముగ్గురు పోరులోంచి తప్పుకుంటారు అన్నారు. చదువుకున్నవాళ్ళ లెక్క. కశ్మీర్‌లో చావడానికే వచ్చిన ఉగ్రవాదిని ఎవరు మోస్తారు? ఈ చిన్న విషయం తట్టడానికి ఇన్నేళ్ళు పట్టింది. తట్టాక 7.62 కావాలన్నారు. 2017లో ఇషాపూర్ నుంచి వచ్చిన 7.62 రైఫిల్ సైన్యం పరీక్షలో తప్పింది. ఇక అర్జెంటు అన్నారు. 2019లో అమెరికా కంపెనీ సిగ్ సావర్ నుంచి 72,400 రైఫిళ్ళు. 2024లో మరో 73,000. ఆత్మనిర్భరత వర్ధిల్లాలి! ఆ సిగ్ రైఫిళ్ళకి రాత్రిపూట గురి చూసే సైట్ల కోసం 659 కోట్ల కాంట్రాక్టు మీద సంతకం ఎప్పుడైంది? 2025 అక్టోబరులో. రైఫిల్ వచ్చి ఏళ్ళు గడిచాక. శత్రువు పగలే రావాలని ఎవరైనా మాట తీసుకున్నారా?

ఫాస్ట్ ట్రాక్ అనే ఇంకో ముచ్చట ఉంది. 93,895 కార్బైన్లు, అంటే పొట్టి రైఫిళ్ళు, అత్యవసరంగా కావాలన్నారు. 2018లో యూఏఈ కంపెనీ కారకాల్ తక్కువ ధర వేసి గెలిచింది. 2020లో మొత్తం రద్దు. ఫాస్ట్ ట్రాకే ఇలా ఉంటే, ప్యాసింజరు ట్రాకు ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇప్పుడు అసలు వేడుకకి రండి. కోర్వా. 2019 మార్చి 3న, ఎన్నికల ముందు, ఏకే-203 ఫ్యాక్టరీని ప్రధాని అంగరంగ వైభవంగా ప్రారంభించారు. ‘మేడ్ ఇన్ అమేథీ’ అన్నారు. చప్పట్లు మోగాయి. మరి ఆరు లక్షల పైచిలుకు రైఫిళ్ళ తయారీకి రష్యాతో కాంట్రాక్టు ఎప్పుడు కుదిరింది? 2021 డిసెంబరు 6న. మొదటి రైఫిళ్ళు ఎప్పుడు బయటికొచ్చాయి? 2023లో. బారసాల ముందు చేసి, ఆనక పెళ్ళి ముహూర్తం చూసుకున్నట్టు. అడిగితే దేశద్రోహం. అడక్కపోతే మనస్సాక్షి ఊరుకోదు. 2025 నాటికి ఆ రైఫిల్‌కి ‘షేర్’ అని పేరు కూడా పెట్టారు. పేరు పెట్టడంలో మాత్రం మనం ఏనాడూ జాప్యం చేయలేదు.

నన్ను నిజంగా మండించింది ఇది కాదు. 2024 జనవరిలో ‘ఉగ్రం’ అని ఒక రైఫిల్ బయటపెట్టారు. పుణెలోని అదే డీఆర్‌డీవో సంస్థ, మన హైదరాబాద్ ప్రైవేటు కంపెనీ ద్వీప ఆర్మర్ కలిసి చేశాయి. 7.62 తూటా, నాలుగు కిలోల లోపు బరువు. ఎన్నాళ్ళు పట్టింది? వంద రోజుల లోపే అన్నారు! సంతోషం. చప్పట్లు. కానీ ఒక్క ప్రశ్న. వంద రోజుల్లో అయ్యే పనైతే, ఈ నలభై ఏళ్ళూ ఏం వెలగబెట్టారు? ఉగ్రం పరీక్షల్లో నెగ్గుతుందో లేదో అది వేరే సంగతి. వంద రోజుల్లో కోసి, బిగించి చూపించగల చేతులు మన దగ్గరే ఉన్నాయి కదా. ఆ చేతులకి పని చెప్పడానికి ఎవడి సంతకం అడ్డొచ్చింది?

తుపాకీ ఎవరికి టంచనుగా అందుతుందో తెలుసా? నాయకుడి గన్‌మన్‌కి. మన ఊళ్ళో ఏ పెళ్ళికైనా వెళ్ళండి. కారు తలుపు తెరుచుకోగానే ముందు దిగేది గన్‌మన్, తర్వాత దిగేది కడుపు, చివర్లో నాయకుడు. గన్‌మన్లని పెంచితే హోదా, తగ్గిస్తే కక్షసాధింపు. జై జవాన్ ఫ్లెక్సీ కట్టించేదీ ఈయనే. అందులో జవాను బొమ్మ చూడండి, చేతిలో అమెరికా ఎం-4. మన సైనికుడి చేతిలో ఏ తుపాకీ ఉంటుందో కూడా తెలియని దేశభక్తి, నిలువెత్తున గాలికి రెపరెపలాడుతుంటుంది.

ఇక తెల్లారకముందే రోడ్డు పక్కన పరిగెత్తే కుర్రాళ్ళ సంగతి. అగ్నివీర్ ర్యాలీకి సిద్ధమవుతున్నవాళ్ళు. 1600 మీటర్లు, స్టాప్‌వాచ్‌తో. ఒక్క సెకను ఆలస్యమైతే ఇంటికి. తొమ్మిది అడుగుల గొయ్యి దూకాలి. ఛాతీ కొలుస్తారు, ఊపిరి పీల్చమని మళ్ళీ కొలుస్తారు. సెంటీమీటరు తగ్గితే ఇంటికి. అక్కడ మాత్రం పునఃపరిశీలన కమిటీ లేదు, గడువు పొడిగింపు లేదు, ‘సాంకేతిక కారణాల వల్ల’ అనే మాట లేదు. తుపాకీ పరీక్ష తప్పితే మళ్ళీ టెండరు. మనిషి తప్పితే మళ్ళీ బస్సు.

నెగ్గినా నాలుగేళ్ళే. నూటికి 25 మంది దాకా ఉంటారు, మిగతావాళ్ళు ఇంటికి. సైన్యంలో మొదటి బ్యాచ్ శిక్షణ మొదలైంది 2023 జనవరిలో. అంటే 2026 ఆఖరుకి వాళ్ళ గడువు తీరిపోతుంది. కోర్వా ఆర్డరు పూర్తయ్యేది 2030 డిసెంబరుకి అంటున్నారు. అదీ ముందుగానే ఇచ్చేస్తామని గొప్పగా. తుపాకీ ఫ్యాక్టరీకి దొరికిన గడువు తుపాకీ పట్టేవాడికి దొరకలేదు. ఆ మొదటి బ్యాచ్ కుర్రాడు చేరి, నాలుగేళ్ళు చేసి, పోయేటప్పుడిచ్చే సేవానిధి చెక్కు తీసుకుని, తిరువూరు బస్సు దిగి, ఏదో బ్యాంకు ముందు సెక్యూరిటీ గార్డుగా కుదురుకునే సరికి కూడా ఆ ఆర్డరు నడుస్తూనే ఉంటుంది. బ్యాంకులో వాడికి ఇచ్చేది పన్నెండు బోరు డబుల్ బ్యారెల్. పాతదే. కానీ చేరిన రోజునే చేతికిస్తారు.