దొంగలెక్కల బీపీ పుస్తకం

అబద్ధం చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు గానీ, తనకు తానే చెప్పుకుని నమ్మాలంటే మాత్రం కాస్త చదువు ఉండాలి. నాకు ఆ చదువు దండిగా ఉంది.

సిడ్నీలో మా డాక్టరు గారు పట్టీ బిగించి చూసి 158/96 అన్నప్పుడు నేనేమీ కంగారుపడలేదు. డాక్టరు గదిలో భయానికి బీపీ పెరుగుతుందనీ, దానికి వైట్ కోట్ అని పేరు కూడా ఉందనీ అప్పటికే చదివేశాను. అదే మాట ఆవిడకి వినిపించాను. "అయితే ఒక వారం ఇంట్లో చూసుకుని రాసుకురండి" అన్నారు. దారిలోనే కెమిస్టు షాపులో మిషను కొన్నాను.

పద్ధతి తెలియక కాదు. పాదాలు నేలకి ఆనించి, వీపు కుర్చీకి చేరేసి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. అరగంట ముందు నుంచీ కాఫీ ముట్టకూడదు. పొద్దునా సాయంత్రమూ రెండేసి సార్లు చూసి, వచ్చింది వచ్చినట్టు రాయాలి. నేనూ బుద్ధిగానే కూర్చునేవాణ్ణి. 152 వచ్చేది. ఇప్పుడే మెట్లెక్కి వచ్చాను కదా అనుకుని మళ్లీ నొక్కేవాణ్ణి. 147. పట్టీ వదులైనట్టుంది. ఇంకోసారి. అలా నొక్కగా నొక్కగా ఎప్పటికో 133 కనిపించేది. దాన్ని గుండ్రటి చేతిరాతతో పుస్తకంలో ఎక్కించేవాణ్ణి.

"అదేంటండీ, ఇందాకటివి రాయరా?" అంది మా ఆవిడ.

"అవి మిషను వేడెక్కక ముందువి."

బీపీ మిషను వేడెక్కడమేమిటో నాకే తెలియదు. ఇంజనీరు మొగుడు చెప్పాడు కాబట్టి పాపం నమ్మింది.

డాక్టరు గారు పుస్తకం తిరగేశారు. అన్నీ 130కీ 134కీ మధ్యనే. ఇంటి కొలతలో 135/85 దాటకూడదన్న సంగతి నాకు తెలుసని ఆవిడకి తెలిసిపోయింది. ఏమీ అనకుండా ఇరవై నాలుగు గంటల మిషను చేతికి కట్టించారు. అది దానంతటదే బిగుసుకుంటుంది, దానంతటదే రాసుకుంటుంది. రైల్లో, మీటింగులో, నిద్రలో. నిద్రలో బీపీ మామూలుగా పది నుంచి ఇరవై శాతం దిగాలిట. నాది దిగలేదు.

"నాకేమీ అనిపించట్లేదండీ" అని అప్పటికీ వాదించాను. దానికి ఆవిడ చెప్పిన జవాబు విన్నాకే నిజంగా సిగ్గుపడ్డాను. మెడలో కెరోటిడ్ ధమని రెండుగా చీలే చోటా, గుండె మీది బృహద్ధమని వంపులోనూ, గోడ ఎంత సాగిందో కనిపెట్టే నరాల కొసలున్నాయి. మనం లేచి నిలబడగానే అర లీటరు పైచిలుకు రక్తం కాళ్లలోకీ పొట్టలోకీ దిగుతుంది. ఆ కొసలు కబురందిస్తే మెదడు గుండెని తొందరపెట్టి, రక్తనాళాల్ని బిగిస్తుంది. కళ్లు తిరిగి పడిపోకుండా ఉంటాం. ఇంత చురుకైన ఏర్పాటూ, ఒత్తిడి చాన్నాళ్లు ఎక్కువగానే ఉంటే, ఆ ఎక్కువనే మామూలు అనుకోవడం మొదలుపెడుతుంది. మూత్రపిండాలు కూడా అంతే. ఉప్పునీ నీళ్లనీ బయటికి పంపడానికి ఆ పెరిగిన ఒత్తిడికే అలవాటు పడతాయి. అంటే నా ఒంట్లోనూ ఒక గుమాస్తా కూర్చుని, అచ్చం నాలాగే పుస్తకం దిద్దుతున్నాడన్నమాట. నేను సాక్ష్యానికి పిలిచింది వాణ్ణి!

ఉప్పు సంగతిలో నా బుద్ధి ఇంకా ఘనం. మధ్యాహ్నం ఆఫీసులో మీట్ పై తినేవాళ్లని చూసి జాలిపడి, రాత్రి ఆవకాయ జాడీ మూత తీసేవాణ్ణి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు తినమంటుంది. ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టి కొలిస్తే ఆంధ్రప్రదేశ్‌లో సగటు 9 గ్రాముల పైనే తేలింది. ఆ సర్వేలో చెయ్యి ఉన్నది సిడ్నీలో పుట్టిన జార్జ్ ఇన్‌స్టిట్యూట్‌కే. అంతకుముందు 2003-04లో వాళ్లే స్థానిక సంస్థలతో కలిసి మా గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లలో చావులకి కారణాలు ఆరా తీశారు. దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బులవే. సిడ్నీ వాళ్లు మా ఊళ్లకి వెళ్లి నిజం లెక్కలు రాసుకొస్తే, ఆ గోదావరి వాణ్ణి నేను సిడ్నీలో కూర్చుని దొంగలెక్కలు రాశాను.

ఇప్పుడు మాత్ర వేసుకుంటున్నాను. పుస్తకం మా ఆవిడ చేతికి పోయింది. మొన్న 141 వచ్చింది. "ఇంకోసారి చూద్దామే" అన్నాను. చూసింది. 139. రెండూ రాసి, కింద గీత గీసి, సగటు 140 వేసింది.